ముందు ఓడినవాళ్ళకు

కరువు తీరిన ఏడాది, ఆత్మకూరు నుంచి ఉదయగిరికి నడుస్తూ ఒక పల్లె బయట ఆగాను. రెండేళ్ళకు ఒంట్లో మళ్ళీ సత్తువ వచ్చిన మగవాళ్ళు అప్పుడే చెడుగుడు ముగించారు. ఒక అవ్వ పందిమాంసం ముక్కలకు మిరపకాయ, చింతపండు నూరిన ముద్ద పూసి, పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తోంది. సాయంకాలపు ఎండలో, ఆ పొగ వెనక, అందరూ కలలో మనుషుల్లా తేలుతున్నట్టు కనిపించారు.

గెలిచినవాళ్ళు చేతులు చాపితే అవ్వ కసిరింది. "ఆగండ్రా! ముందు ఓడినోళ్ళు తినాల."

"అదేమిటవ్వా?" అని అడిగాను.

"గెలిచినోడికి సంతోషంతోనే సగం కడుపు నిండుంటాది నాయనా. ఆకలి ఓడినోడిదే. నువ్వూ కూర్చో."

బందరులో మా ఇంట పందిమాంసం ముట్టరు. అయినా కూర్చున్నాను. ఓడినవాళ్ళలో ఒకడు పక్కకు జరిగి, తన పుల్లకున్న మొదటి ముక్క నా చేతిలో పెట్టాడు.

తిన్నాను. ఇంకొకటి అడిగాను.