అట్ట మీద చోటు

పలాసలో బస్సెక్కి కూర్చోగానే, నా పక్కనున్న ఇస్త్రీ చొక్కా ఆయన ఒళ్లో ఓ పెద్ద అట్ట పెట్టుకుని చూపించాడు. పైన శిలువ, కింద పత్రికల్లోంచి కత్తిరించి అంటించిన కారు, మేడ, విమానం. దీన్ని విజన్ బోర్డు అంటారట. కోరినవి అంటించి, రోజూ చూస్తూ విశ్వాసంతో ప్రార్థిస్తే ప్రభువు ఇస్తాడట. నేనూ క్రైస్తవుణ్ణే. కాకపోతే నా ప్రార్థనలకు ఇన్నాళ్లూ సైకిలు చైను కూడా నిలవలేదు గనక వినయంగా విన్నాను.

ముందు సీట్లోని ఆమె కూడా విని వెనక్కి తిరిగింది. జీడిపిక్కలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్లు నల్లబడ్డాయి.

"ఏటి బాబూ, ఏటడిగినా ఇచ్చేత్తాడా?"

"నమ్మితే ఏదైనా ఇస్తాడమ్మా."

ఆమె కొంగుముడి విప్పి చిన్న ఫొటో తీసింది. "మా ఇంటాయన. కిడ్నీలు పోతన్నాయన్నారు. ఆ మూల ఈయన్ని కూడా అంటించండి బాబూ. మీ కారు సూసినప్పుడు మీ దేవుడు ఈయన్నీ సూత్తాడు."

ఆయన అట్టను చటుక్కున గుండెలకు లాక్కున్నాడు. "ఇది నా పర్సనల్ అమ్మా. ఇందులో రోగాలూ అవీ పెట్టకూడదు. నెగటివ్ అవుతుంది."

"పోన్లెండి, కారుకి అడ్డవుద్ది," అని ఆమె ఫొటోను మళ్లీ ముడేసుకుంది.

నా పేరు దేవసహాయం. అందులోని రెండు మాటల్లో ఒక్కటీ ఆ పూట ఆమెకు అందలేదు.

టెక్కలిలో దిగుతూ ఆయన, "ప్రైజ్ ది లార్డ్, బ్రదర్," అని చెయ్యి చాపాడు. నా చేతులు ఒళ్లోని సంచి కింద పెట్టుకున్నాను. ఆయన చంకలోని అట్ట మీద, కారు పక్కన, జానెడు చోటు ఖాళీగానే ఉంది.