చిట్టియ్యగారి నడిచే భోజనం

చిట్టియ్యగారు మనిషిని కూర్చోనివ్వరు. ఆయన గురించి మొదట చెప్పాల్సింది ఇదే. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న తూర్పులంకలో, వచ్చిన అతిథులకు ఊరు తిప్పి చూపించే పని ఆయనది. కాకినాడ నుంచి ఆ అతిథుల్ని వ్యానులో, ఆపైన పడవలో తీసుకెళ్లే పని నాది. నాకేమో కూర్చోవడమంటే ప్రాణం. మా ఇద్దరికీ జత ఎవరు కుదిర్చారో కానీ, శనివారం వస్తోందంటే శుక్రవారం నుంచే నా కాళ్లు పీకేవి.

"లెగండి, పదండి!" ఆయన నమస్కారమూ ఇదే, వీడ్కోలూ ఇదే. అరుగు కనిపిస్తే చాలు, అతిథికీ అరుగుకీ మధ్య అడ్డంగా నిలబడతారు. ఓసారి ఒక పెద్దాయన చెప్పులో ఇసుక దులుపుకుందామని వంగితే, ఎక్కడ కూలబడతాడోనని రెక్క పట్టుకుని లేపేశారు. చర్చిలో కూడా అంతేనట. పాస్టరుగారు చివరి ప్రార్థన మొదలుపెట్టేసరికి ఈయన గుమ్మం దగ్గర చెప్పులేసుకుని, ఆమెన్ కోసం ఎదురుచూస్తుంటారు.

మడ అడవి చూపించినా అదే వరస. "అదిగోనండి ఎర్రపీత. చూసేశారా? పదండి." పీత కన్నంలోకి దూరేలోపు మేం మలుపు తిరిగేస్తాం. ఇక తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దగ్గర మరీ ఘోరం. హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రజంట అక్కడ దుప్పటి పరుచుకోబోతే పరుగెత్తుకెళ్లారు.

"ఏంటండీ ఇది? తాబేళ్లు ఎక్కడ పుట్టాయో అక్కడికే గుడ్లు పెట్టడానికొస్తాయండి. అంటే పుట్టింటికి పురిటికొచ్చే ఆడపిల్లలన్నమాట. పురిటిగదిలో కూర్చుని మీరు చిప్సు తింటారా? లెగండి!"

ఇవన్నీ ఎలాగో ఓర్చుకోవచ్చు. భోజనం ఓర్చుకోవడమే కష్టం. చిట్టియ్యగారి ఇల్లు రేవు పక్కనే. చల్లటి అరుగు. లోపల్నుంచి ఆయన భార్య ప్రసన్నకుమారిగారు కాచే చేపల పులుసు వాసన. అతిథికి మాత్రం ఆ ఇంట్లో దక్కేది ఒక అరిటాకు, చిటికెడు ఉప్పు. ఆకు పట్టుకుని పక్కింటికి నడిస్తే అక్కడ అన్నం. పొగలుగక్కే అన్నాన్ని ఊదుకుంటూ ఇంకో ఇంటికి వెళ్తే పప్పు, మరో ఇంట్లో అప్పడం. ముసలయ్య తన కొబ్బరిచెట్లకు పాకించిన మిరియాలతో చారు కాస్తాడు. చారు ఆకులో నిలవదు కాబట్టి గ్లాసుతో అక్కడే గటగటా తాగేయాలి. మజ్జిగ మాత్రం లంక చిట్టచివర, అచ్చాయమ్మగారింట్లో. అంతదూరం నడిచేసరికి తిన్నదంతా అరిగి మళ్లీ ఆకలేస్తుంది.

ఒకావిడ ఆకులోంచి అప్పడాన్ని కాకి ఎత్తుకుపోతే ఆవిడ లబోదిబోమంది. చిట్టియ్యగారు వెనక్కి కూడా చూడలేదు. "అప్పడాల ఇల్లు దాటేశామండి. పదండి."

"అన్నీ ఒకచోట వండిస్తే పోలేదాండీ?" అని ఎన్నోసార్లు అడిగాను.

"నడిస్తే ఒంటికి మంచిదండి, ఆయ్."

ఇలా ఉండగా హైదరాబాద్‌లో పెద్ద టూర్ల కంపెనీ నడిపే ఉదయభాస్కర్ గారు లంక చూడ్డానికి వస్తానన్నారు. ఆయనకు నచ్చితే వారం వారం బస్సు నిండా జనం. నచ్చకపోతే తూర్పులంక ట్రిప్పే ఎత్తేస్తామని మా ఆఫీసువాళ్లు తేల్చి చెప్పేశారు. నేను వెళ్లి చిట్టియ్యగారిని బతిమాలాను.

"ఈ ఒక్కరోజుకీ ఆయన్ని కూర్చోనివ్వండి."

"ఎంతసేపండీ?"

"ఆయనకి కూర్చోవాలనిపించినంతసేపు."

చిట్టియ్యగారి మొహం పాలిపోయింది. "ఆయ్," అన్నారు నీరసంగా.

ఉదయభాస్కర్ గారు పడవ దిగారు, అరుగు చూశారు, కూర్చున్నారు. పులుసు వాసన పీల్చారు, అడిగారు, వడ్డించుకున్నారు, మారు వడ్డించుకున్నారు. చిట్టియ్యగారు వాకిట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. మాట మీద నిలబడ్డందుకు ఆయనకు మనసులోనే దండం పెట్టుకుని, నేనూ ఓ మూల చేరగిలబడ్డాను.

"అద్భుతమండీ!" అన్నారు ఉదయభాస్కర్ గారు వేళ్లు నాకుతూ. "ఇక వేరే ఇళ్లెందుకు? మా వాళ్లందరికీ ఈ అరుగు మీదే భోజనం. బస్సు ఖాయం చేసేద్దాం."

నేను ఎగిరి గంతేయబోయాను. ప్రసన్నకుమారిగారు గరిటె కింద పెట్టి మొగుడి వైపు చూశారు. చిట్టియ్యగారు తిరగడం ఆపేశారు.

"లెగండి," అన్నారు మెల్లగా. "పదండి."

"ఎక్కడికండీ? కడుపు నిండిపోయింది."

"అచ్చాయమ్మగారు పొద్దున్నే మజ్జిగ చిలికి ఎదురుచూస్తున్నారండి."

"పోనీ ఆవిడ డబ్బు ఆవిడకి పంపించేద్దాం."

"మజ్జిగ ఎవరు తాగుతారండి మరి?" అన్నారు చిట్టియ్యగారు. "మడచెట్లు కొట్టడం మానేస్తే అతిథుల డబ్బు ఇంటింటికీ అందుద్దని ఊరంతా ఒప్పుకున్నామండి. మొదటి ఏడాది ఇలాగే అయ్యిందండి. పడవ దిగినోళ్లంతా మా అరుగెక్కి, తిని, ఇక్కడే నడుం వాల్చేవారు. పోటు తగ్గి నీళ్లు తీసే వేళకి పడవెక్కేసేవారు. అవతలోళ్లు వండిందంతా కోళ్లకేసుకున్నారు. ముసలయ్య మళ్లీ కత్తట్టుకుని మడ కొట్టడానికి పోయాడు. నేనేం మొహం పెట్టుకుని ఆపనండి? పులుసు మా ఇంట్లో, అడవి కాపాడే పని వాడికా?"

ఆయన మీద అంతకుముందెన్నడూ లేనంత ఇష్టం కలిగింది. ఈ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా అని కోపం కూడా వచ్చింది.

ఉదయభాస్కర్ గారు కాసేపు తన ఎంగిలి చేతివైపే చూసుకున్నారు. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, "నా ఆకేదండీ?" అన్నారు.

నడిచాం. ముసలయ్య చారుగిన్నెతో వీధిలోనే నిలబడి ఉన్నాడు. "వేడి చేసి చేసి సగమైపోయిందండి!" అచ్చాయమ్మగారు గంజి పెట్టిన చీర కట్టుకుని, ఉన్న ఒక్క కుర్చీ మీద ఉతికిన తువ్వాలు పరిచి గుమ్మంలో నిలబడ్డారు. "చిట్టియ్యకి ఒంట్లో బాగోలేదేమో అనుకున్నానండి. లేకపోతే మనుషులు ఇంతసేపు రాకపోవడమేంటి?" అన్నారు. ఉదయభాస్కర్ గారు నిండిన పొట్టతోనే మజ్జిగ తాగి, ఇంకో గ్లాసు అడిగారు. ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను కుర్చీ మీద చెయ్యి వేశానో లేదో, "నీళ్లు తీసేస్తున్నాయండి, లెగండి!" అని వినిపించింది.

పడవలో కూర్చున్నాక ఉదయభాస్కర్ గారిని భయం భయంగా అడిగాను. "బస్సు సంగతేంటండీ?"

"పంపిస్తాను," అన్నారు ఆయన కాళ్లు ఒత్తుకుంటూ. "కానీ ఆకులు కాస్త పెద్దవి కొయ్యమనండి."

పడవ మలుపు తిరుగుతుండగా వెనక్కి చూశాను. చిట్టియ్యగారు తన అరుగు మీద చతికిలబడి, మిగిలిన పులుసు అన్నంలో కలుపుకుంటున్నారు. నేను చూస్తున్నానని గమనించి, కంచంతో సహా గభాల్న లేచి నిలబడ్డారు.