జనరేటర్‌కి పెట్టని హద్దు

సోలార్ బిగించడంలో అతనికి మంచి పేరుంది. అందరూ బ్యాటరీ మేస్త్రి అంటారు. అతనే ఇన్వర్టర్, బ్యాటరీ బిగించిన, బట్టలు కుట్టే పెద్దావిడ ఇంట్లో, కరెంటు పోయి జనరేటర్ వేసిన ప్రతిసారీ అది దగ్గి ఆగిపోతోందంటే, ఆ పేరు తలకెక్కిన మేస్త్రి నలుగురిలో కసిరాడు. "నా పనికి వంకలు పెట్టకండి. ఆ డొక్కు జనరేటర్‌ని బాగుచేసే ముసలాయన్ని అడగండి!"

ముసలి మెకానిక్ పాపం మూడుసార్లు ఇంజన్ విప్పి బిగించాడు.

ఇవాళ మేస్త్రి ఇన్వర్టర్ సెట్టింగులు తెరిచి చూశాడు. బ్యాటరీ లాగే హద్దు లైన్ కరెంటుకి ముప్పై ఆంపియర్లు, జనరేటర్‌కీ ముప్పయ్యే! పాపం అది ఇవ్వగలిగేది పది. బ్యాటరీ అంతకు మూడింతలు లాగేస్తుంటే ఏ జనరేటర్ నిలబడుతుంది? ఆ అంకె తగ్గించడం మరిచింది తనే.

ఎనిమిదికి దించాడు. జనరేటర్ ఆగకుండా నడిచింది.

"నీ చెయ్యి పడితే చాలు నాయనా!" అంది పెద్దావిడ.

మేస్త్రికి చెవులు కాలిపోయాయి. "ఇందులో నా గొప్పేం లేదమ్మా" అని గొణిగాడు. తలెత్తకుండా సామాన్లు సంచిలో సర్దసాగాడు.

పక్కనే నిలబడ్డ ముసలాయన వైపు తిరిగిందావిడ. "విన్నావయ్యా? అంత పనితనం ఉండి కూడా ఎంత వినయమో! చూసి నేర్చుకో."

ముసలాయన బుద్ధిగా తలూపాడు. ఆయనే మేస్త్రి సామాన్ల సంచిని భుజానికెత్తుకుని బండిదాకా మోసుకొచ్చాడు.