గుట్ట దిక్కు

ముప్పై దాటకముందే పాత రోజులు తలుచుకుంటున్నానంటే నవ్వుతారేమో గానీ, మా గౌడవెల్లిలో మనుషులకంటే ముందు గుట్టకే కాలం చెల్లింది, నేనేం చేయను. పోయిన నెల ఒకరోజు జీడిమెట్లలో డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఫోన్ చూస్తుంటే, ఫ్రాన్స్ దేశపు కొండపల్లెల వీడియో ఒకటి తగిలింది. పంట సరిగా పండని రాతినేల, గొర్రెల మందలు, ఆ పాలతో చేసిన చీజ్, పనుల కోసం పట్నాలకు పోయిన పిల్లలు. అచ్చం మా ఊరే, కాకపోతే వాళ్ల గొర్రెలు కాస్త తెల్లగా ఉన్నాయి. మేకలకు నీళ్లు పెడుతున్న బాపును పిలిచి చూపించాను. చివరిదాకా చూసి ఒక్కటే అడిగాడు.

“గా గుట్టలను ఇంక ఎవ్వలు కొట్టలేదారా?”

లేదన్నాను. మళ్లీ నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు.

మా గుట్టకు పర్వతం కావాలన్న ఆశ ఎన్నడూ లేదు. మేకలకు ఇంత ఆకు, వానలు వెనకపట్టగానే సీతాఫలాలు, వాటిని గంపకెత్తుకుని మేడ్చల్ బజారుకు నడిచే అవ్వ, అదే దాని సంసారం. మా ఇంట్లో పడమర అన్న మాటే లేదు, గుట్ట దిక్కు అనేవాళ్లం. పొద్దు, పలుపు తెంపుకున్న దూడ, పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చక లేచి వెళ్లిన చుట్టాలు, అన్నీ గుట్ట దిక్కే పోయేవి. తర్వాత కంకర మిషన్ వచ్చింది. ఊరంతా ఏడ్చిందని రాయాలని ఉంది గానీ, పని దొరికిందని సగం ఊరు సంబరపడింది. బాపు కూడా పొద్దున మేకలు మేపిన గుట్టనే మధ్యాహ్నం లారీకెత్తాడు. ఇప్పుడక్కడ నీళ్లు నిండిన గుంత ఉంది. చూపు ఆనని అవ్వ మాత్రం దారి అడిగినవాళ్లను ఇంకా గుట్ట పక్కపొంటే పొమ్మంటుంది. వాళ్లు గుంత దాకా పోయి, తిరిగొచ్చి తిట్టిపోతారు.

మేకలకూ అదే రోగం. కట్టు విప్పితే కాళ్లు అటే లాగుతాయి. ఈ వానాకాలం రెండు ఆ గుంతలో పడి చచ్చాయి. మిగతావాటిని కట్టేసి మేపుదామంటే గడ్డి ఎక్కడిది? పోయిన ఆదివారం బేరగాడి లారీ వస్తే బాపే ఒక్కొక్కదాన్ని ఎత్తి ఎక్కించి, ఖాళీ తాళ్లను చుట్టచుట్టి దండెం మీద వేశాడు.

అరుగు మీద కూర్చున్న అవ్వ అడిగింది. “మేకలు ఎటు పోయినయిరా?”

“గుట్ట దిక్కే, అవ్వా.”

“అయితే పొద్దుగూకేసరికి అవే వస్తయి తీ.”

లారీ అప్పటికే పట్నం రోడ్డెక్కింది. అబద్ధం చెప్పాననుకోను. మా గుట్ట కూడా ఆ రోడ్డునే, అలాంటి లారీలోనే పోయింది.