నలభై దాటితే

మా ఉదయగిరిలో ప్రేమానందం సార్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే, థర్మామీటరు. రిటైరైన సైన్సు మాస్టారు. టీ గ్లాసులో ముంచుతారు, బస్సు సీటుకు ఆనిస్తారు, పెళ్లిలో సాంబారు బకెట్టునూ వదలరు. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి, "ముప్పైతొమ్మిది డిగ్రీలు. పాస్టరుగారూ, ఇంక ముగించండి" అన్నారు.

ఈ వేసవిలో పిచ్చి ముదిరింది. పడకగది కిటికీలకు గోనెపట్టాలు కట్టి పగలు ఎక్కువసేపు లోపలే ఉండసాగారు. పక్కిల్లు మాది. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా కదలని వేళ, గోడవతల నుంచి గొణుగుడు వినిపించేది.

"ముప్పైఎనిమిది... ముప్పైతొమ్మిది... నలభై దాటితే ఇంకేముండాది, పోయినట్టే."

ఆ లెక్క మా వయసులదే అనిపించింది. మా వీధిలో నలభైకి దగ్గరైనవాళ్లం నలుగురం. వాళ్లలో యేసుబాబు అప్పటికే సార్ ఇంటి ముందు నుంచి పోకుండా, చుట్టూ తిరిగి పైవీధిలోంచి వెళ్తున్నాడు. నాకు ఆ శుక్రవారంతో నలభై నిండుతాయి.

మా అమ్మ పోలేరమ్మ కొండవాగుల్లో వావిలాకు కోసి, ఎండబెట్టి, ఆత్మకూరులో నూనె తీసేవాళ్లకు అమ్ముతుంది. "సార్ ఏందో లెక్కపెడతా ఉండాడమ్మా" అన్నాను.

"పెట్టుకోనీ. నువ్వు ఆ పక్కకు పోబాకు" అని ముఖం తిప్పుకుంది.

గురువారం మధ్యాహ్నం ఉండబట్టలేక వెళ్లి తలుపు తోశాను. లోపల చీకటి. ఘాటైన వాసన. దూలాలకు వేలాడుతూ ఏవో, గాలి లేకుండానే మెల్లగా ఊగుతున్నాయి. ఒక్కోదానికి ఒక్కో చీటీ. లిదియమ్మ. మాధవి. మూడోది మా అమ్మ పేరు.

"తలుపు ముయ్యరా సురేంద్రా, వేడొస్తాది" అంది మూలనుంచి ఒక గొంతు.

"మా అమ్మను ఏం చేస్తా ఉండారు సార్?"

"మీ అమ్మ ఆకు ఆరబెడతా ఉండా." ఆయన చేతిలో తాడుంది. లాగినప్పుడల్లా ఆకుమోపులు ఊగుతున్నాయి. "రేకుల మీద ఎండబెడితే ఆ వేడికి ఆకులో తైలమంతా ఎగిరిపోయింది. వాసన లేదని ఆత్మకూరోళ్లు రెండు మూటలూ వెనక్కి పంపినారు. మీ అమ్మ ఏడస్తా వచ్చింది. మిగతా ఆడోళ్లదీ అదే కథ. నలభై దాటకుండా నీడలో ఆరితే తైలం నిలుస్తాది. నీకు తెలిస్తే పని మానెయ్యమంటావని చెప్పొద్దనింది."

ఆ ఇంట్లో చల్లగా ఉండేది ఆ ఒక్క గదే.

"మరి మీరు మధ్యాన్నం పూట యాడ పడుకుంటా ఉండారు?"

పెరట్లో రేకుల పంచ వైపు చూపించారు.

"అక్కడ ఎంతుంటాది సార్?"

"నలభైనాలుగు."

నేను నోరు తెరిచేలోపే తాడు నా చేతికిచ్చారు. "నాలో తైలమేముండాదిరా, ఎగిరిపోవడానికి? లాగతా ఉండు. అన్నం తినేసి వస్తా."