పడి, పడేసి

బస్సుల గ్యారేజీలో స్టోర్సు గుమాస్తాని నేను. బోల్టులు, బ్రేకు లైనింగులు, బేరింగుల్లో వేసే ఉక్కు గోళీలు మెకానిక్కులకి ఇచ్చి సంతకం పెట్టించుకోవడం నా ఉద్యోగం. మధ్యాహ్నం పని తగ్గాక వారపత్రికకి ఫైటింగు కథలు రాయడం నా పైత్యం. పాతికేళ్లలో ఎన్ని దవడలు పగలగొట్టానో నాకే గుర్తులేదు. ఇంట్లో మాత్రం బొద్దింక కనిపిస్తే మా ఆవిణ్ణి కేకేస్తాను.

నా కథల్లో వీరుడు ఒక్క వాక్యంలో పదకొండు పనులు చేస్తాడు. లేచి, ఎగిరి, గిర్రున తిరిగి, తన్ని, గుద్ది... వాక్యం ముగిసేసరికి వాడు నిక్షేపంలా ఉంటాడు, చదివేవాడికే ఆయాసం. అచ్చుకి పంపేముందు మా ఆవిడ చదువుతుంది.

"వీడి కుడిచేతిలో కత్తి ఉంది, ఎడంచేతిలో లాంతరుంది. మరి తలుపు ఏ చేత్తో తీశాడండీ?"

"అవన్నీ ఎవరూ చూడరే."

"నేను చూశాగా!"

ఇలాంటి అరసికురాలు నాకే దొరకాలా అని తల పట్టుకునేవాణ్ణి.

సరే, అసలు సంగతికొస్తాను. మా బావమరిది, అంటే మా ఆవిడ ఒక్కగానొక్క తమ్ముడు, మా గ్యారేజీలోనే మెకానిక్కు. మొన్న మంగళవారం నా స్టోర్సు గదిలో వాడికీ ఫోర్‌మన్‌కీ మాటామాటా పెరిగింది. చివరికి ఫోర్‌మన్ కిందపడ్డాడు, మణికట్టు విరిగింది. "తోసేశాడు" అంటాడు ఫోర్‌మన్. "నేను తోయలేదు" అంటాడు మావాడు. గదిలో ఉన్న మూడో మనిషిని నేనే. మావాణ్ణి సస్పెండు చేసి, శుక్రవారానికల్లా చూసింది చూసినట్టు రాసివ్వమని మేనేజరుగారు నాకు కబురు పంపారు. వాడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఇక నా రాతను బట్టే.

"ఏమండీ, వాడికి ఇద్దరు పసిపిల్లలు" అంది మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ.

వాడు గుమ్మంలో నిలబడి, "బావా, నువ్వు రచయితవి, నీకు నేను చెప్పాలా!" అన్నాడు. ఇంకేముంది, ఉబ్బి తబ్బిబ్బయ్యాను. గంటలో రాసి పారేశాను.

"నా బావమరిది కళ్లనుంచి నిప్పులు రాలుతుండగా పిడుగులా లేచి, ఒక్క అడుగు ముందుకేసి, తన కాలరు పట్టుకున్న ఫోర్‌మన్ చేతిని విదిలించి, దభీమని నేలమీద పడి, మణికట్టు విరిగి, హాహాకారాలు చేశాడు."

మా ఆవిడ ఒకసారి చదివింది. వేలు పెట్టి మళ్లీ చదివింది.

"చెయ్యి విరిగింది మా తమ్ముడికా?"

"ఛఛ, ఫోర్‌మన్‌కి."

"మరి ఇందులో లేచిందీ వీడే, పడిందీ వీడే, ఏడ్చిందీ వీడే కదండీ!"

నిజమే. పాతికేళ్లుగా నా కథల్లో కొట్టినవాడే పడుతున్నాడన్నమాట! ఒక్కరైనా ఉత్తరమ్ముక్క రాయలేదేం? అసలు ఎవరైనా చదువుతున్నారా అన్న అనుమానం అప్పుడే మొదటిసారి వచ్చింది. రోషంతో పెన్ను లాక్కుని "పడి"ని "పడేసి" చేశాను. "విరిగి"ని "విరగ్గొట్టి", "చేశాడు"ని "చేయించాడు" చేశాను. వ్యాకరణం కుదిరింది.

"భేషుగ్గా ఉంది. ఇక వాడు ఇంట్లో కూర్చోవచ్చు" అంది ఆవిడ. "మీ పిడుగులూ నిప్పులూ పక్కన పెట్టి చెప్పండి. వీడు తోశాడా?"

"తోయలేదు."

"మరి ఆయనెలా పడ్డాడు?"

"కాలు జారి."

"ఎందుకు జారింది? నేలమీద ఏముంది?"

నేను పెన్ను మూత వెతకడం మొదలుపెట్టాను.

"అప్పుడు మీరెక్కడున్నారు?"

ఎవరు ఎక్కడ నిలబడ్డారో నా కథల్లో నేనెప్పుడూ రాయను. రాస్తే ఇదిగో, ఇలాంటి ప్రశ్నలొస్తాయి. ఇక దాచి లాభం లేదని చెప్పేశాను. ఫోర్‌మన్ మావాడి కాలరు పట్టుకోగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. గబుక్కున బల్ల కింద దూరాను. దూరేటప్పుడు మోచెయ్యి తగిలి గోళీల ట్రే బోర్లాపడింది. ఒకరి మొహం ఒకరు చూసి అరుచుకుంటున్న వాళ్లిద్దరూ కిందికి చూడలేదు. మావాడు చెయ్యి విదిలించుకుని వెనక్కి తగ్గాడు. ఫోర్‌మన్ వాడి మీదికి రాబోయి గోళీల మీద అడుగేశాడు. బల్ల కింద నుంచి నాకు కనబడ్డవి నాలుగు కాళ్లు. వాటిలో రెండు పైకి లేచాయి. జనం పరుగెత్తుకొచ్చేలోపు గోళీలన్నీ ఏరి జేబులో వేసుకున్నాను.

మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"ఇదే రాయండి."

"గ్యారేజీ అంతా నవ్వుతుందే! ఫైటింగు రచయిత బల్ల కింద..."

"నవ్వనివ్వండి."

రాశాను. "ఫోర్‌మన్ నా బావమరిది కాలరు పట్టుకున్నారు. నాకు భయమేసింది. బల్ల కింద దాక్కున్నాను. నావల్ల గోళీలు ఒలికాయి. ఫోర్‌మన్ వాటిమీద కాలు వేశారు. పడ్డారు. ఎవరూ తోయలేదు." నా జన్మలో ఇంత పొట్టి వాక్యాలు రాయలేదు. కాగితంతో పాటు గోళీలు కూడా మేనేజరుగారి ముందు పెట్టాను. ఆయన చదువుతూ మధ్యలో ఆగి నా పొట్టవైపు చూశారు. ఈ ఆకారం ఆ బల్ల కింద ఎలా పట్టిందా అని కాబోలు.

సోమవారం మావాడు మళ్లీ పనిలో చేరాడు. అదే రోజు నాకు మెమో వచ్చింది.

"తమరు విధి నిర్వహణలో ఉండగా భయపడి, ట్రేను మోచేతితో తోసి, బల్ల కిందకు దూరి, సదరు గోళీలను దొంగచాటుగా ఏరి, జేబులో దాచి, మూడు రోజులు నోరు మెదపక, సహోద్యోగి సస్పెన్షనుకు కారకులైనందున..."

మా ఆవిడ అలవాటు ప్రకారం వేలు పెట్టి చదివింది. భయపడింది నేనే, తోసింది నేనే, దూరింది నేనే, దాచింది నేనే. ఏమంటుందా అని బిక్కుబిక్కుమంటూ చూశాను.

కాగితం మడిచి నా చేతికిచ్చింది.

"ఇందులో తప్పేమీ లేదండీ."