వద్దనడం రాని ఆర్విడ్

ఆర్విడ్ టోలెఫ్‌సన్‌కి వద్దనడం రాదు.

పెట్టేవాళ్లు "తింటావా?" అని పూర్తిగా అనకముందే, "తిం" దగ్గరే చెయ్యి చాచేస్తాడు. ఇంకో చోటైతే దీన్ని మామూలు ఆకలి అనేవాళ్లు. అమెరికాలోని పశ్చిమ మిన్నెసోటాలో, అందులోనూ హాల్‌స్టెన్ అనే ఊళ్లో, ఇది ఇంచుమించు నేరం.

హాల్‌స్టెన్‌లో ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి "అబ్బే, ఇప్పుడే తినొచ్చాను" అనాలి. రెండోసారి "నీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి, అదీ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎలాగూ పారేస్తావంటే, ఓ చిన్న ముక్క" అనాలి. పెట్టేవాళ్లు మూడోసారి అడగడం మరిచిపోయారా, ఆకలితో ఇంటికి పోవాల్సిందే. అలా పోయినవాళ్లున్నారు. ఇక ఆఖరి ముక్క సంగతి మరీ ఘోరం. దాన్నెవరూ మొత్తంగా తీసుకోరు, సగం కోసుకుంటారు. తర్వాతి మనిషి ఆ సగంలో సగం. చివరికి ట్రేలో గోరంత మిగిలి, ఊరందరి మర్యాదకీ సాక్ష్యంగా ఎండిపోతుంది. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు మంచితనం. దీని మీద పాస్టరుగారు ప్రసంగాలు కూడా చేశారు.

ఆ గోరంత ముక్కని ఆర్విడ్ తినేస్తాడు. నిజానికి అది గోరంత అయ్యేదాకా ఆగడు కూడా.

సొంత అన్న అంత్యక్రియలప్పుడు, చర్చి కింద గదిలో, ఆఖరి హామ్ శాండ్‌విచ్ తీసుకున్నది ఇతనే. "అన్న ఉండుంటే చెరిసగం చేసుకునేవాళ్లం. ఇప్పుడేం చేస్తాం?" అని నిట్టూర్చి మొత్తం నోట్లో పెట్టుకున్నాడు. వదిన ఆ చలికాలమంతా అతనితో మాట్లాడలేదు. ఎండలు వచ్చాక మాట్లాడింది, అదీ ఆ శాండ్‌విచ్ ఎలా ఉందో అడగడానికి.

ఇతన్ని రోజూ భరించే రాత కేఫ్ నడిపే లావోన్‌ది. హాల్‌స్టెన్‌లో హార్డ్‌వేర్ కొట్టు మూతబడింది, సినిమా హాలు పైకప్పు మంచు బరువుకి కూలింది, బడిని పక్కూరి బడిలో కలిపేశారు. మిగిలినవి ధాన్యం గిడ్డంగీ, చర్చీ, లావోన్ కేఫూ. నవంబరులో ఆకాశం గిడ్డంగి కప్పు మీదికి దిగి, మార్చిదాకా అక్కడే కూచుంటుంది. ఆ నెలల్లో జనం కేఫ్‌కి వచ్చేది తినడానికి కాదు, తాము కాక ఇంకెవరైనా బతికున్నారేమో చూసుకోవడానికి.

కిటికీ పక్కన పెద్ద గుండ్రబల్ల ఉంది. రోజూ వచ్చేవాళ్లంతా అక్కడే. మధ్యాహ్నం లావోన్ దాని మధ్యలో హాట్‌డిష్ ట్రే పెట్టి, ఒక పెద్ద గరిటె పడేసి పోతుంది. కింద గొడ్డు మాంసం కైమా, మధ్యలో డబ్బాలోంచి తీసిన పుట్టగొడుగుల సూపు, పైన వరసగా పేర్చిన బంగాళాదుంప ఉండలు. మూలల్లో మాత్రం అవి కరకరలాడేలా మాడతాయి. ఆ మూలలంటే అందరికీ ప్రాణం. కనక ఎవరూ వాటి వంక చూడరు.

"ముందు మీరు కానివ్వండి పాస్టరుగారూ."

"అయ్యో, మీరు కానివ్వండి. పొద్దున బాగా తిన్నాను."

"నాకూ పెద్దగా ఆకల్లేదండీ."

ఈలోపు ఆర్విడ్ ఒక మూల లేపేస్తాడు. "మీ ఇద్దరికీ ఆకల్లేదు, ఆవిడేమో ట్రే నిండా వండింది, పాపం నేను చావాలి!" అంటాడు, నోరు కాలి ఊదుకుంటూ. అందరూ తలలు అడ్డంగా ఊపుతారు. ఊపుతూనే వడ్డించుకుంటారు. ఇతనంత దిగజారినవాడు బల్ల దగ్గరుండగా తాము ఒక గరిటె వేసుకుంటే అది సంస్కారమే అవుతుంది గదా.

ఆ సంగతి లావోన్‌కి అప్పట్లో తట్టలేదు. ఆమెకి కనిపించింది తిండిపోతు ఒక్కడే.

అక్టోబరులో మిల్టన్ బ్రెక్కె భార్య జాయిస్ పోయింది. ఊరి ఆడవాళ్లు చెయ్యాల్సింది చేశారు. ట్రేల అడుగున పేర్లు రాసిన చీటీలు అంటించి, హాట్‌డిష్‌లు మోసుకెళ్లి అతని గుమ్మంలో పెట్టారు. మిల్టన్ ప్రతి ట్రేనీ కడిగి, తుడిచి, ఎవరిది వాళ్లకి తిరిగిచ్చాడు. "అంత అధ్వాన్నంగా లేదు" అని కూడా అన్నాడు. హాల్‌స్టెన్‌లో అంతకు మించిన పొగడ్త లేదు. కొన్నాళ్లకి తేలిందేమంటే, మిల్టన్ కుక్క కదల్లేనంత బలిసింది. మిల్టన్ మాత్రం ప్యాంటు నడుము దగ్గర సంచిమూతిలా ముడతలు పడి, బెల్టుకి కొత్త బెజ్జాలు పొడుచుకుంటున్నాడు.

రోజూ మధ్యాహ్నం కేఫ్‌కొచ్చి గుండ్రబల్ల దగ్గర కాఫీ తాగేవాడు. ట్రే తనవైపు వస్తే పక్కకి జరిపేవాడు. ఊరంతా గమనించింది, ఊరంతా బాధపడింది, ఊరంతా వాతావరణం గురించి మాట్లాడింది. మనిషి కళ్లముందే చిక్కి సగమవుతుంటే "ఏమయ్యా, తినడం లేదేం?" అని అడగడం అతని సొంత విషయంలో వేలుపెట్టడమట. ఇలాంటి మర్యాదతో మనుషుల్ని చంపడానికి చాలా కాలం పడుతుంది గానీ, పని మాత్రం ఖాయం.

లావోన్‌కి నిద్ర పట్టలేదు. తన భర్త పోయినప్పుడు ఆమెని బలవంతాన కూచోబెట్టి తినిపించింది ఆ జాయిసే. ఆ రుణం ఎలా తీర్చాలో తెలియక, ఒకరోజు బాగా కరకరలాడే మూల ముక్క కోసి, విడిగా కంచంలో పెట్టి మిల్టన్ ముందుంచింది.

"మిల్టన్, కాస్త తిను."

"అబ్బే, ఇప్పుడే తినొచ్చాను లావోన్."

"కొంచెమేలే. నీకోసమే తీశాను."

"నీకెందుకమ్మా శ్రమ."

ఇంకొక్కసారి అడగాలి. ఆమె నోరు తెరిచింది. ఆర్విడ్ చెయ్యి ముందు కదిలింది.

"వద్దంటున్నాడుగా!" అని కంచం తనవైపు లాక్కుని, రెండు ముద్దల్లో ఖాళీ చేసేశాడు.

పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థనో, సిగ్గో తెలియలేదు. మిల్టన్ ఖాళీ కంచం వంక ఒక్క క్షణం చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

"సిగ్గులేదటయ్యా నీకు?" లావోన్ అరిచింది. అంతమందిలో ఆమె గొంతు పెంచడం ఎవరూ ఎరగరు. "చావుబతుకుల్లో ఉన్నవాడి కంచంలోంచి లాక్కుంటావా? లే! మళ్లీ నా గుమ్మం తొక్కకు!"

ఆర్విడ్ లేచాడు. మూతి తుడుచుకున్నాడు. "ఉప్పు కొంచెం తగ్గింది" అని వెళ్లిపోయాడు.

మర్నాడు లావోన్ మనసారా వండింది. ట్రే బల్ల మీద పెట్టింది.

"ముందు మీరు కానివ్వండి పాస్టరుగారూ."

"అయ్యో, మీరు."

"ఆకల్లేదండీ."

"నాకూ అంతే."

ట్రే వెళ్లింది వెళ్లినట్టే వంటింట్లోకి వచ్చింది. ఆ మర్నాడూ అంతే. అందరూ ఆకలితో, ఎంతో మర్యాదగా, కాఫీ తాగి ఇళ్లకి పోయారు. మిల్టనైతే రావడమే మానేశాడు. చల్లారి పైన తెల్లగా కొవ్వు పేరుకున్న ట్రేని చూస్తూ లావోన్ వంటింట్లో చాలాసేపు నిలబడింది. తర్వాత కోటు తగిలించుకుని, మంచులో నడుచుకుంటూ ఆర్విడ్ ఇంటికెళ్లింది.

ఆర్విడ్ భోంచేస్తున్నాడు. ఓట్స్ గంజి. చప్పిడిది. పక్కన కడుపుమంటకి వేసుకునే మందు సీసా.

"ఇదేంటి?"

"తిండి. నా కడుపుకి పడేది ఇదొక్కటే. నీ బంగాళాదుంపలు మధ్యాహ్నం తింటే తెల్లారేదాకా దిగవు. అసలు బంగాళాదుంపంటేనే నాకు చిన్నప్పట్నుంచీ అసహ్యం."

లావోన్ కుర్చీ లాక్కుని కూలబడింది. "మరి ఇన్నేళ్లు ఎందుకు తిన్నావురా బాబూ?"

"ఎవరో ఒకరు మొదలెట్టాలిగా. పాస్టరుకి ఉద్యోగం పోతుంది, పెళ్లాంబిడ్డలున్నవాళ్లకి పరువు పోతుంది. నాకు పోవడానికేముంది? అందుకని ఈ ఊరికి సిగ్గులేనివాడి కొలువు నాకొచ్చింది."

"మరి మిల్టన్ కంచం?"

ఆర్విడ్ గంజి కలుపుతూ కూచున్నాడు. "నువ్వు మూడోసారి అడిగితే చెంచాడు తినేవాడు, నీ మొహం చూసి. మొహమాటానికి తిన్నది ఒంటికి పట్టదు లావోన్. నేను లాక్కున్నప్పుడు వాడి కళ్లు చూశావా?"

"లేదు. నేను నిన్ను తిట్టే పనిలో ఉన్నాను."

"కోపమొచ్చింది వాడికి. జాయిస్ పోయాక వాడి మొహంలో ఏదైనా కనిపించడం అదే మొదలు. ఇంకో రెండుసార్లు లాక్కుంటే దారికొచ్చేవాడు. ఈలోపు నువ్వు నన్ను తరిమేశావు."

"సరే, రేపు రా."

"అబ్బే" అన్నాడు ఆర్విడ్.

లావోన్ బిత్తరపోయింది. "రా ఆర్విడ్. వండుతున్నాను."

"నీకెందుకు శ్రమ."

"వస్తావా, ఈ గంజి నీ నెత్తిన పొయ్యనా?"

ఆర్విడ్ కిటికీలోంచి బయటి మంచు వైపు చూశాడు. "ఎలాగూ వండేస్తున్నావంటే" అన్నాడు.

మర్నాడు లావోన్ తనే వెళ్లి మిల్టన్‌ని కారెక్కించుకొచ్చింది. కాఫీకే అని ఒట్టేసింది. ట్రే బల్లని తాకీ తాకకముందే ఆర్విడ్ ఒక మూల లేపేశాడు. రెండో మూలా, మూడోదీ కంచంలో పోగేసుకున్నాడు. పాస్టరుగారికి పొలమారింది. ఆర్విడ్ గరిటె బల్ల మీదుగా సాగి, మిల్టన్ ముందున్న నాలుగో మూల మీద వాలింది.

"నీకెలాగూ వద్దు కదా" అన్నాడు.

మిల్టన్ ఆ గరిటె పట్టుకున్నాడు. ఆర్విడ్ లాగాడు. మిల్టన్ వదల్లేదు. చిక్కిన మనిషికి అంత బలం ఎక్కడిదో, గరిటె లాక్కుని, ట్రే మొత్తం తనవైపు ఈడ్చుకుని, అందులోనే తినడం మొదలెట్టాడు. మూల ముక్క కరకరమన్న చప్పుడు బల్లంతా వింది.

"చూశారా పాస్టరుగారూ!" ఆర్విడ్ గుండెలు బాదుకున్నాడు. "ట్రే మొత్తం! ఒక్కరు అడగలేదు, ఒక్కసారి వద్దనలేదు! ఈ ఊళ్లో మర్యాద చచ్చిపోయింది!"

మిల్టన్ తలెత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి, గడ్డానికి సూపు అంటుకుంది.

"ఏంటలా చూస్తారు? ఆకలేస్తోంది" అన్నాడు.

హాల్‌స్టెన్ పుట్టాక ఆ గుండ్రబల్ల దగ్గర ఎవరూ అనని మాట అది. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఎర్రబడిన మొహంతో, "నిజం చెప్పాలంటే, నాకూనూ" అన్నారు.

లావోన్ వంటింట్లోకి పరిగెత్తి రెండో ట్రే ఓవెన్‌లోకి తోసింది. కావాలా అని ఎవర్నీ అడగలేదు.